ఐదు గజాలు వెనక్కి

ఆ రోజుల్లో నేను నూట పద్దెనిమిది కిలోలుండేవాణ్ణి. ఇప్పుడెంతుంటానో మా ఆవిడకీ మా జీపీ డాక్టరుకీ తప్ప ఇంకెవరికీ చెప్పను గానీ, అప్పటి బరువు మాత్రం ధైర్యంగా చెప్పుకుంటాను. ఎందుకంటే ఆ బరువుకి ఒకాయన దగ్గర, ఒక్క ఏడాది పాటు, గౌరవం దొరికింది. అంతకుముందు, నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ జనం నాతో అన్న మాట ఒకటే: "కాస్త అడ్డం తప్పుకో నాయనా." సినిమా హాల్లో వెనక సీటువాళ్ళు అదే అన్నారు, బస్సులో కండక్టరు అదే అన్నాడు, మా మేనత్త కూతురి పెళ్ళిలో ఫోటోలవాడూ అదే అన్నాడు (ఆ ఆల్బమ్ మొత్తంలో నేను ఒకే ఒక్క ఫోటోలో ఉన్నాను, అందులో పెళ్ళికొడుకు కనపడడు). అలాంటివాణ్ణి పట్టుకుని, "నువ్వు అడ్డం నిలబడు, అదే నీ పని" అని ఒక మనిషి అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మాలి మీరు. (అందులో కొంత డబ్లిన్ వాన నీళ్ళు కూడా ఉన్నాయనుకోండి.)

నేనప్పుడు డబ్లిన్ శివార్లలో, లూకన్‌లో ఒక అద్దె ఇంట్లో, మేమందరం కరీంనగర్ అన్న అని పిలిచే ఒకాయనతో కలిసి ఉండేవాణ్ణి. ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. ఒక శనివారం అన్న కారు రిపేరుకెళ్ళింది, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఇండియన్ షాపులో ఇరవై కిలోల సోనా మసూరి బస్తాలు రెండు తీసుకుని, చంకకొకటి ఇరికించుకుని, వానలో బస్టాపు దాకా నడుస్తున్నాను. వెనకనుంచి "ఆ రెండూ కలిపి ఎంత బరువు?" అని ఒక గొంతు వినబడింది. తిరిగి చూస్తే ఒక మనిషి. మనిషి అనడం మర్యాదకి, ఆయన తలుపంత ఉన్నాడు. అరవైకి దగ్గర వయసు, తెల్ల గడ్డం, రెండు మోకాళ్ళూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేసినట్టు చెరో పక్కకీ నడుస్తున్నాయి. నలభై కిలోలన్నాను. "ఆయాసం రాలేదే నీకు?" అన్నాడు. "రైస్ కదండీ" అన్నాను (ఇంతకంటే తెలివైన జవాబు ఆ సమయానికి తట్టలేదు). సంతలో ఎద్దుని బేరమాడేవాడిలా నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "రేపు పదింటికి పార్కుకి రా" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయనే కోచ్. (ఆయన ఇంగ్లీషులో అన్నవన్నీ నేను మా ఊరి తెలుగులోకి దించి రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే ఇది పిల్లలున్న ఇంట్లో చదవడానికి పనికిరాదు.)

ఇంటికెళ్ళి చెప్తే అన్న నెత్తి కొట్టుకున్నాడు. "ఏందిర భయ్, దిమాక్ ఖరాబైందా నీకు? గా ఆటల మనుషులు మనుషులనే గుద్దుకుంటరంట. నడుము ఇరిగితే నిన్ను ఎవ్వడు లేపుతడు? నాతోనైతే కాదు, ముందే చెప్తున్న." అయినా వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? నన్ను రమ్మని పిలిచినవాడు అప్పటిదాకా ఒక్కడు లేడు.

కోచ్ అమెరికావాడు. కాళ్ళతో దాదాపు తాకని ఆటకి అక్కడివాళ్ళు ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకున్నారు చూడండి, ఆ ఆటని ఎనిమిదేళ్ళు జీతానికి ఆడినవాడు. లైన్‌మన్ (కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ కాదు). బంతి విసిరేవాడొకడుంటాడు, వాడిమీద పడి నలిపెయ్యడానికి అవతలి టీమువాళ్ళు దూసుకొస్తారు, ఆ వచ్చేవాళ్ళకి ఐదుగురు లావుపాటి మనుషులు గోడలా అడ్డం నిలబడాలి. అదే లైను. ప్రాక్టీసు అయ్యాక నన్ను తన తెల్ల వ్యానులో ఇంటి దగ్గర దింపుతూ తన కథంతా చెప్పేవాడు. "విసిరేవాడి పేరు దేశమంతా పలుకుతుంది. పట్టుకునేవాడి పేరు పిల్లలకి పెట్టుకుంటారు. లైన్‌మన్ పేరు టీవీలో ఎప్పుడు చెప్తారో తెలుసా? వాడు తప్పు చేసినప్పుడు" అనేవాడు. ఎనిమిదేళ్ళలో తన పేరు పదకొండుసార్లు చెప్పారట, ఆ పదకొండూ ఊరూ పేరుతో సహా వరసగా అప్పజెప్పేవాడు. మోకాళ్ళు పోయాక కోచ్ అయ్యాడు. అక్కడొక పద్ధతుందట, పెద్ద కోచ్‌ని తీసేస్తే ఆయన కింద పనిచేసే కోచ్‌లందర్నీ ఆయనతో పాటే ఇంటికి పంపించేస్తారు. అలా పదిహేనేళ్ళలో ఆరు ఊళ్ళు మారాడు. ఆరో ఊళ్ళో మోకాలి ఆపరేషన్‌కి చేరితే అక్కడి నర్సు ఐరిష్ ఆవిడ, ఆవిణ్ణి చేసుకున్నాడు. ఆవిడ అమ్మకి ఒంట్లో బాగాలేదని ఇద్దరూ ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ బోమాంట్ ఆసుపత్రిలో నర్సు, ఈయన ఒక గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. (కోచ్ భార్య కాబట్టి నేనావిడకి కోచమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ ఎదురుగా కూడా అలాగే పిలుస్తాను, ఏదో పెద్ద బిరుదనుకుని సంతోషిస్తుంది.)

ఇక్కడ ఈ ఆట ఆడేవాళ్ళు ఆదివారం మనుషులు. ప్లంబర్లు, టాక్సీ డ్రైవర్లు, నాలాంటి ఆఫీసు బాపతు. జీతం ఎవరికీ లేదు, కోచ్‌కి అసలే లేదు. ఆయన బాధ మాత్రం అది కాదు. ఒక రోజు వ్యాను మా ఇంటి ముందు ఆపి, ఇంజను కట్టేసి చెప్పాడు. ఒకప్పుడు లైనులో తన పక్కనే నిలబడి ఆడిన స్నేహితుడొకడు అమెరికాలో ఒక చిన్న కాలేజీ టీముకి పెద్ద కోచ్ అయ్యాడట. లైనుని తయారుచేసే కోచ్ ఒకడు కావాలట. వచ్చే నెల గోల్ఫ్ ఆడుకోవడానికి ఐర్లండ్ వస్తున్నాడు, పనిలో పనిగా మా ఆట ఒకటి చూస్తానన్నాడు. "మనం గెలుస్తామా ఓడిపోతామా అన్నది వాడికి అనవసరం. మీ ఐదుగుర్నీ చూస్తాడు. కదలకూడనప్పుడు రాళ్ళలా ఉన్నారా, కదలాల్సినప్పుడు ఒక్కటిగా కదిలారా, అంతే. మిమ్మల్ని చూస్తే నేనింకా పనికొస్తానో లేదో వాడికి తెలిసిపోతుంది" అన్నాడు. తర్వాత స్టీరింగు వైపు చూస్తూ, "ఈ వయసులో నన్ను ఇంకెవరూ పిలవరు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పిలుపంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడెవడు?

ఇక్కడే నా ఖర్మ గురించి చెప్పాలి. లైనులో నిలబడ్డవాడు వంగి, ఒక చెయ్యి నేలకి ఆన్చాక, బంతి కదిలేదాకా వెంట్రుక కూడా కదలకూడదు. కదిలాడా, అంపైరు పసుపు గుడ్డ విసురుతాడు, టీము మొత్తం ఐదు గజాలు వెనక్కెళ్ళాలి. వినడానికి తేలికే. కానీ ఐదుగురు లావుపాటివాళ్ళు భుజం భుజం రాసుకుంటూ నిలబడితే కాళ్ళు తగలకుండా ఉంటాయా? మన ఇళ్ళల్లో నడక నేర్పినప్పుడే ఇంకోటి కూడా నేర్పుతారు కదండీ, కాలు ఎవరికైనా తగిలితే చటుక్కున వాళ్ళని తాకి కళ్ళకద్దుకోవాలని. మా అమ్మమ్మ పెంపకంలో అది నా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, నిద్రలో పుస్తకానికి కాలు తగిలితే నిద్రలోనే దణ్ణం పెట్టేవాణ్ణట. మొదటి రోజు ప్రాక్టీసులో నా బూటు పక్కనున్న ప్లంబర్ బూటుకి తగిలింది. (లైను మధ్యలో నిలబడి, బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించే మనిషి ఆయన.) నా చెయ్యి నేలమీంచి లేచింది, ఆయన బూటుని తాకింది, కళ్ళకద్దుకోబోతే హెల్మెట్‌కి మొహం ముందుండే ఇనుప చువ్వలు అడ్డమొచ్చి ఠంగుమంది. విజిల్. ఐదు గజాలు. రెండోసారి కూడా అంతే. ఏడోసారికి మేము పార్కు గేటు దగ్గరికి చేరుకున్నాం.

కోచ్ వచ్చి, "ఏమిటది? వాణ్ణి దీవిస్తున్నావా?" అన్నాడు. విషయం చెప్పాను. అవతలి మనిషిలో కూడా దేవుడుంటాడు కాబట్టి కాలు తగిలితే తప్పని వివరించాను. ఆయన బాగా ఆలోచించి, "మరి ఇందాక ఆ టాక్సీ డ్రైవర్ని భుజంతో గుద్ది బురదలో పడేశావే? వాడిలో దేవుడు లేడా?" అన్నాడు. "దానికి అభ్యంతరం లేదండీ, కాలే తగలకూడదు" అన్నాను. అప్పుడు నవ్వాడు చూడండి, గోడ నవ్వినట్టు. నన్ను మార్చడం తనవల్ల కాదని ఆయనకి అప్పుడే అర్థమైపోయింది కాబోలు, వేరే దారి కనిపెట్టాడు. ఆట మొదలవ్వక ముందే లైనులో ఉన్న మిగతా నలుగుర్నీ వరసగా నిలబెట్టి, "ఇవాళ జరగబోయేవన్నీ ముందే తీర్చేసుకో" అన్నాడు. నేను ఒక్కొక్కరి బూట్లూ పది పదిసార్లు తాకి కళ్ళకద్దుకునేవాణ్ణి. విచిత్రం, అది పనిచేసింది! అడ్వాన్సుగా దణ్ణం పెట్టేశానన్న ధైర్యంతో నా చెయ్యి నేలమీదే ఉండిపోయేది. ప్లంబర్‌కి ఇదెంత నచ్చిందంటే, ఆదివారం ఉదయం బూట్లు తుడుచుకుని వచ్చేవాడు పాపం.

మా టీములో ఒక హెడ్‌మాస్టరు గారు కూడా ఉండేవారు. నిజంగానే బడికి హెడ్‌మాస్టరు, యాభై దాటాయి. ప్లంబర్ రాకపోతే ఆయన జాగాలో నిలబడటానికి పేరు రాసి ఉంచారు గానీ, ప్లంబర్ ఎప్పుడూ రాకుండా ఉండలేదు కాబట్టి ఆయన ఎప్పుడూ ఆడలేదు. గొడుగేసుకుని చప్పట్లు కొట్టేవారు. నాకు ఆయనంటే చచ్చేంత భక్తి. ఆయన వస్తే లేచి నిలబడేవాణ్ణి, సర్ అనకుండా మాట్లాడేవాణ్ణి కాదు. "సర్ ఏమిటయ్యా, గ్రాండ్ గ్రాండ్, కూర్చో" అని ఆయనే సిగ్గుపడేవారు (ఇక్కడివాళ్ళ భాషలో గ్రాండ్ అంటే పర్లేదని). ఆయన బూట్లకి మాత్రం నేను అడ్వాన్సు దణ్ణం పెట్టలేదు. ఆడని మనిషికి ఎందుకనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కోచ్ స్నేహితుడు చూస్తానన్న ఆ ఆట ఊరికి ఉత్తరాన ఒక అద్దె మైదానంలో ఆడాం. ఆకాశం తడి గోనెసంచిలా ఉంది. గోల్ఫ్ టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి పెద్దమనిషి గీత పక్కన నిలబడి మా ఐదుగురినే చూస్తున్నాడు. ఏం చెప్పమంటారు, ఆ రోజు మేము ఆడిన ఆట ముందూ ఆడలేదు, తర్వాతా ఆడలేదు. రాళ్ళమంటే రాళ్ళమే. మా వెనక బంతి విసిరేవాడి చొక్కాకి బురద కూడా అంటలేదు. మధ్యలో ఒకసారి చూస్తే ఆ పెద్దమనిషి తలాడిస్తున్నాడు, మా కోచ్ ఆయన వైపు చూడకుండా ఉండటానికి నానా తిప్పలూ పడుతున్నాడు. ఆఖరి నిమిషం మిగిలింది. నాలుగు పాయింట్లు వెనకున్నాం, గెలుపు గీత మూడు గజాల దూరంలో ఉంది. అప్పుడు ప్లంబర్ చీలమండ మడతపడి కూలబడ్డాడు. హెడ్‌మాస్టరు గారు గొడుగు ముడిచి, హెల్మెట్ పెట్టుకుని, నా పక్కకొచ్చి నిలబడ్డారు.

మీకు అర్థమైపోయే ఉంటుంది. వంగాను, చెయ్యి ఆన్చాను, కాలు సర్దుకోబోతే బురదలో జారి తిన్నగా ఆయన పాదం మీద పడింది. మామూలుగా పడలేదు, నూట పద్దెనిమిది కిలోలూ పడ్డాయి. "అమ్మా" లాంటిదే ఐరిష్‌లో ఏదో అన్నారాయన. గురువుగారి పాదం తొక్కాన్రా దేవుడా అని నేననుకునే లోపలే నా చెయ్యి వెళ్ళిపోయింది. ఒకసారి కూడా కాదు, తాకి, చువ్వల మీద ఠంగుమనిపించి, ఆయన గురువు కాబట్టి మళ్ళీ ఇంకోసారి. పసుపు గుడ్డ గాల్లోకి లేచింది. ఐదు గజాలు వెనక్కి.

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ప్రతిసారీ తర్వాత ఏం ఆడాలో కోచ్ చేతిలో కాగితం చూసి చెప్పాలి. అందరం ఆయన వైపు చూశాం. ఆయన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. చూస్తున్నాడు, చెప్పట్లేదు. వంటింట్లోకొచ్చి ఎందుకొచ్చానా అనుకునే మనిషి మొహం చూశారా, అదే మొహం. గడియారం పోతోంది, మావాళ్ళు "కోచ్! కోచ్!" అని అరుస్తున్నారు. ఆలస్యం చేశామని ఇంకో పసుపు గుడ్డ పడింది, ఇంకో ఐదు గజాలు. చివరికి విసిరేవాడు తనకి తోచినట్టు విసిరాడు, బంతి ఎక్కడో పడింది, విజిల్ ఊదేశారు. నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. నా వెధవ చెయ్యి చూసి ఆ మనిషికి నోట మాట పడిపోయింది, నేనే ఆయన కొంప ముంచాను అనుకున్నాను.

పెద్దమనిషి వ్యాను దగ్గర కోచ్‌తో ఐదు నిమిషాలు మాట్లాడి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టడం చూస్తేనే ఉద్యోగం లేదని తెలిసిపోయింది. నేను వ్యాను ఎక్కి "సారీ కోచ్" అన్నాను. ఆయన వ్యాను తీశాడు. మోటార్‌వే ఎక్కాం. లూకన్ ఎగ్జిట్ వచ్చింది, దాటిపోయింది. ఎగ్జిట్ దాటిపోయిందండీ అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. నన్ను ఎక్కడో దూరంగా దింపేసి నడిపిస్తాడు కాబోలు, నాకు అదే సరైన శిక్ష అనుకుని బుద్ధిగా కూర్చున్నాను. ముప్పావుగంట పోయాక ఒక పెట్రోలు బంకులో ఆపి, చుట్టూ చూసి, "కాఫీ తాగుదామా?" అన్నాడు. తాగి వెనక్కొచ్చాం. మా ఇంటి ముందు దిగాక, "ఆదివారం పదింటికి" అన్నాడు.

నేను ఆ ఆదివారం వెళ్ళలేదు. ఏ ఆదివారమూ వెళ్ళలేదు. కోచ్ ఫోన్ చేసేవాడు, తెర మీద ఆయన పేరు చూసి ఫోన్‌ని దిండు కింద పెట్టేవాణ్ణి. ఆఫీసులో పనెక్కువని ఒకసారి మెసేజ్ పెట్టాను, నడుం నొప్పని ఇంకోసారి పెట్టాను. "ఒక్కసారి పోయి కాళ్ళ మీద పడరాదుర, తిడితే తిడ్తడు, అయిపోతది" అని అన్న పోరేవాడు. తిడతాడనే కదా నా భయం! తర్వాత ఫోన్లు తగ్గాయి, ఆగిపోయాయి. ఆయనకి నా మీద అసహ్యం పుట్టిందనుకున్నాను. పెళ్ళయింది, ఇల్లు కొన్నాం, పాప పుట్టింది, ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళలో వ్యాను తెల్లగా కనపడితే చాలు, ఫుట్‌పాత్ మారేవాణ్ణి.

ఒక రోజు లూకన్‌లో పాప టీకా కోసం జీపీ దగ్గర కూర్చుంటే పక్క కుర్చీలో కోచమ్మ ఉంది. చెల్లెలి కోసం వచ్చిందట. జుట్టంతా తెల్లబడిపోయింది. పారిపోయే దారి లేదు. నన్ను కావలించుకుని, "ఎక్కడికి పోయావు నువ్వు?" అంది. ఎన్నో ఏళ్ళుగా కోచ్‌కి మతిమరుపు ముదురుతూ వచ్చిందట. ఆట ఆడినన్నేళ్ళూ తలకి తగిలిన దెబ్బలన్నీ లోపల దాచుకున్నాడు, అవే ఇలా బయటపడ్డాయంది. మొదట్లో బూట్లు తీసుకెళ్ళి వంటింటి ప్రెస్‌లో, కప్పుల పక్కన పెట్టేవాడట (ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు). ఇప్పుడు ములింగార్ దగ్గర, ఆవిడ పుట్టింటివాళ్ళుండే వైపు, ఒక నర్సింగ్ హోమ్‌లో ఉంటున్నాడు. "నన్నే ఒక్కోసారి మర్చిపోతాడు, ఆట మాత్రం పోలేదు. ఒక్కసారి రా" అంది. ఇంక ఏ మొహం పెట్టుకుని రానంటాను?

వెళ్ళాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా తలుపంతే ఉన్నాడు, కానీ తలుపు వెనక ఇల్లు ఖాళీ అయిపోయినట్టుంది. నేనెవరో తెలియలేదు. నా వెడల్పు చూసి, "లైనులో ఆడేవాడివా?" అన్నాడు. "అవును కోచ్, మీ దగ్గరే" అన్నాను. "ఆ ఆట గెలిచామా?" అని అడిగాడు. ఏ ఆటో చెప్పక్కర్లేదు. నిజం చెప్పడానికి ఏడేళ్ళ తర్వాత దొరికిన అవకాశం అది, నా పిరికి నోరు ఏం చేసిందో తెలుసా? "గెలిచాం కోచ్" అనేసింది. "వాడేమన్నాడు?" "లైను బ్రహ్మాండంగా ఉందన్నాడు." ఆయన మొహం వెలిగిపోయింది. నేను పెద్ద పుణ్యం చేసినవాడిలా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే కోచమ్మ ఫోన్. "ఏం చెప్పావు నువ్వు ఆయనకి?" అంది. గెలిచామంటే మరి ఉద్యోగం వచ్చినట్టే కదా! తెల్లారిన దగ్గర్నుంచీ కోటేసుకుని, సంచీ సర్దుకుని, ఎయిర్‌పోర్టుకి టాక్సీ ఏదని అడుగుతున్నాడట. ముద్ద ముట్టుకోలేదు, ఎవరు చెప్పినా వినట్లేదు. మా ఆవిడ నన్ను ఉతికి ఆరేసింది. "అబద్ధం ఆడేముందు ఒక్క నిమిషం ఆలోచించొద్దూ? కథ చెప్పి పడుకోబెట్టడానికి ఆయనేమన్నా పసిపిల్లాడా? వెళ్ళండి, వెళ్ళి నిజం చెప్పి రండి." ఆఫీసుకి సెలవు పెట్టి బయల్దేరాను. ఆ రోజు కూడా వానే.

వరండాలో కోచమ్మ నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిజం చెప్పేస్తాను, ఆ రోజు చెడగొట్టింది నేనేనని చెప్పేస్తాను" అన్నాను. "నువ్వా? నువ్వేం చేశావు?" అంది. కాలు సంగతీ, దణ్ణం సంగతీ చెప్పాను. ఆవిడ విని, తల అడ్డంగా ఊపింది. "అది కాదురా నాయనా. ఆయన స్నేహితుడు తర్వాత నాకు ఫోన్ చేశాడు. కుర్రాడెవడో కదిలితే నవ్వుకున్నాడట, అలాంటివి ఎవరైనా చేస్తారన్నాడు. ఆ తర్వాత ఈయన కాగితం పట్టుకుని నిలబడ్డ తీరు చూసి భయమేసిందన్నాడు. ఉద్యోగం ఇద్దామనే వచ్చాను, ఇవ్వలేను, ముందు డాక్టరుకి చూపించు అన్నాడు. ఈయన ఆ రోజు ఇంటికొచ్చి 'నా వల్లే పోయిందా?' అని అడిగాడు. నాకు ఆట తెలియదన్నాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు." సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఆ వరండాలో ముందు కలిగింది జాలి కాదు. నేను కాదన్నమాట, నేను కాదన్నమాట అని లోపల గంతులేశాను. ఏడేళ్ళ బరువు దిగిపోయింది. ఆ తర్వాత ఆవిడ మొహం చూసి నామీద నాకే రోత పుట్టింది.

గదిలో కోచ్ మంచం అంచున కూర్చున్నాడు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "టాక్సీ వచ్చిందా?" అన్నాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "కోచ్, నిన్న అబద్ధం చెప్పాను. మనం ఓడిపోయాం. ఉద్యోగం రాలేదు." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "కాగితం నా చేతిలోనే ఉంది" అన్నాడు. "అందరూ నా వైపు చూస్తున్నారు. నాకు... అది చదవడం..." అని ఆగిపోయి, తలెత్తి నన్ను చూశాడు. "నా వల్లే కదూ?"

గుమ్మంలో కోచమ్మ కదలకుండా నిలబడి ఉంది.

"కాదు కోచ్, నా వల్ల" అన్నాను. "బంతి కదలకముందే నేను కదిలాను. హెడ్‌మాస్టరు గారి కాలు తొక్కి దణ్ణం పెట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఐదు గజాలు వెనక్కెళ్ళిపోయాం. అక్కడే పోయింది ఆట."

"నువ్వా?"

"నేనే."

"నేను కాదూ?"

"మీరు కాదు కోచ్. మీరేం చెయ్యలేదు."

ఆ మొహంలో వచ్చిన ఊరట నేను బతికుండగా మర్చిపోను. సంచీ పక్కన పెట్టి, మంచం పట్టుకుని లేచి నిలబడి, మొదలుపెట్టాడండీ తిట్టడం! నా చేతిని తిట్టాడు, కాలుని తిట్టాడు, నా బుర్రని తిట్టాడు, ఒకచోట నన్ను కన్నందుకు మా ఊరిని కూడా తిట్టాడు. పావుగంట. ఏమైందోనని నర్సు పరిగెత్తుకొచ్చింది. తిడుతూ తిడుతూ చెమట పట్టి కోటు తనే విప్పేశాడు. "వంగు! ఎలా నిలబడాలో చూపించు!" అన్నాడు. వంగాను, గచ్చు మీద చెయ్యి ఆన్చాను, నడుం కలుక్కుమంది. ఆయన నా చుట్టూ తిరిగి, వీపు మీద చరిచి, "ఇప్పుడు బాగానే ఉన్నావు, అప్పుడేమైంది వెధవా" అన్నాడు. కోచమ్మ ఒకవైపు ఏడుస్తూ, ఇంకోవైపు నవ్వుతూ, సంచీలోంచి చొక్కాలు తీసి ప్రెస్‌లో సర్దింది. ఆ రోజు భోజనం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఇప్పుడు నెలకోసారి వెళ్తాను. వెళ్ళినప్పుడల్లా అడుగుతాడు, నేనేనని చెప్తాను, తిట్లు తిని వస్తాను. ఇంటికి రాగానే మా పాప, "డాడ్, డిడ్ హి గివ్ అవుట్ టు యూ అగెయిన్?" అంటుంది (గివ్ అవుట్ అంటే ఇక్కడివాళ్ళ భాషలో చీవాట్లు పెట్టడం). "బాగా పెట్టాడమ్మా" అంటే దానికి నవ్వు. నాకూ నవ్వే. ఈ తిట్లకి భయపడి ఏడేళ్ళు ఫోన్ దిండు కింద దాచుకున్న ఆ నూట పద్దెనిమిది కిలోల పిరికివాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది కూడా. అప్పుడే వెళ్ళి తిని ఉంటే, తిట్టినవాడికి నా పేరు తెలిసుండేది.

పోయిన నెల తిట్లు మధ్యలో ఆగిపోయాయి. కోచ్ నా వైపు పరీక్షగా చూసి, "ఇంతకీ నువ్వెవరు?" అన్నాడు.

"కదిలినవాణ్ణి కోచ్."

"ఓ, నువ్వేనా" అన్నాడు. కాస్త జరిగి, మంచం మీద నాకు చోటిచ్చాడు.